ఎండాకాలమని చిక్కటి ఆయిల్ పోయించకండి

పిల్లలూ,

వేసవి వచ్చిందంటే చాలు, "రెంటచింతల, రామగుండం ఎండలకు పల్చటి ఇంజన్ ఆయిల్ నిలుస్తుందా?" అన్న భయం మొదలవుతుంది. కొన్ని షెడ్లలో అడక్కుండానే 20డబ్ల్యూ-50 అనే చిక్కటి ఆయిల్ పోసేస్తారు. కారుతో వచ్చిన మాన్యువల్ చూడకుండా ఒప్పుకోకండి.

డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటే, మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది. అది ఎంత చిన్నదైతే అంత చలిని తట్టుకుంటుంది. రెండోది 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కదనం మిగులుతుందో చెబుతుంది. బయట 20 డిగ్రీలున్నా 45 ఉన్నా, థర్మోస్టాట్ అనే వాల్వు, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్‌ను 90 డిగ్రీల అటూ ఇటూగానే ఉంచుతుంది. అందుకే ఇంజన్ వేడెక్కాక ఎండ వల్ల వచ్చే తేడా మీరు భయపడేంత ఉండదు. రెండో అంకెను నిర్ణయించేది బేరింగుల్లో వదిలిన సందు, ఆయిల్ పంపు. 0డబ్ల్యూ-20 కోసం చేసిన ఇంజన్లో 20డబ్ల్యూ-50 పోస్తే, పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పైన వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టుకు ఆయిల్ ఆలస్యంగా అందుతుంది. అరుగుదల ఎక్కువగా జరిగేది ఆ కాసేపట్లోనే. మైలేజీ కూడా పడిపోతుంది.

నిండా మనుషులు, సామాను, ఏసీతో ఘాట్ ఎక్కించేవాళ్లకు మాత్రం ఎండ లెక్కలోకి వస్తుంది. మాన్యువల్‌లోని ఉష్ణోగ్రతల పట్టిక రెండు గ్రేడ్లు ఒప్పుకుంటే, వాటిలో చిక్కటిది తీసుకోండి. పట్టికలో లేనిది వద్దే వద్దు.

చలికి లంబసింగిలో కూడా 15డబ్ల్యూ సరిపోతుంది. దాన్ని స్టార్టింగుకు పరీక్షించేదే మైనస్ 20 డిగ్రీల దగ్గర. అమెరికాలోని మిన్నెసోటాలో ఉన్నవాళ్లు అది పోయకూడదు. అక్కడ మైనస్ 30కి దిగిన రాత్రి ఆయిల్ గట్టిపడి స్టార్టర్ ఇంజన్‌ను తిప్పలేకపోతుంది. తిప్పినా పంపు ఆయిల్‌ను లాగలేక బేరింగులు పాడవుతాయి. 0డబ్ల్యూ పరీక్ష మైనస్ 35 దగ్గర జరుగుతుంది కాబట్టి వాళ్లకు అదే మేలు.

ఇక ఎవరూ పట్టించుకోనిది తేమ. విశాఖలాంటి చోట రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే కారు ఆయిల్ మూత తీసి, దాని లోపలివైపు చూడండి. వానాకాలంలో మీగడలాంటి తెల్లటి జిడ్డు కనిపించవచ్చు. పెట్రోలు మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి, ఇంజన్ సరిగా వేడెక్కక బయటికి పోలేక అక్కడ పేరుకుంటుంది. వారానికోసారి అరగంట హైవే మీద నడిపితే చాలావరకు పోతుంది. ఆయిల్ మట్టం చూసే పుల్ల, డిప్‌స్టిక్ మీద కూడా ఆయిల్ పాలు కలిపినట్టు ఉండి, కూలెంట్ తగ్గుతుంటే, కూలెంట్ ఆయిల్లో కలవకుండా ఆపే హెడ్ గాస్కెట్ పోయిందని అనుమానించాలి. ఆ కారు నడపకండి, వేరే బండితో లాగించుకెళ్లండి. ఇలాంటి పొట్టి తిరుగుళ్లకు, దుమ్ము దారులకు ఆయిల్ మార్చే 10,000 కిలోమీటర్ల గడువును 5,000 లేదా ఆరు నెలలకు కుదించండి.

మార్చేటప్పుడు ఫిల్టరుతోపాటు డ్రెయిన్ బోల్టు వాషరూ కొత్తది వేయించండి. ఆయిల్ పోశాక నిమిషం ఇంజన్ నడిపి, ఆపి, చదును నేల మీద ఐదు నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తుడిచి చూడండి. రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటితే క్రాంక్‌షాఫ్టు చిలికి నురగ చేస్తుంది, ఎక్కువైంది తీయించేయండి.

మీ పెద్దాయన