వాట్సాప్ గ్రూపు ఉంటే కలిసి పనిచేస్తున్నట్టేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

వరంగల్, హనుమకొండ, ములుగు జిల్లాల్లో తిరుగుతూ, పిల్లలకూ యువతకూ అందే మానసిక ఆరోగ్య సేవలు ఒకదానితో ఒకటి కలిసి నడుస్తున్నాయా లేదా చూడటం నా పని. ఎక్కడికెళ్లినా ముందు చాయ్, తర్వాత రిజిస్టర్లు.

అపోహ: రిఫరల్స్ ఎక్కువ రాస్తే కోఆర్డినేషన్ బాగున్నట్టే.

వాస్తవం: చీటీ రాయడం వేరు, పిల్లాడు డాక్టరు దాకా చేరడం వేరు. ఇరవై చీటీలు రాశామంటే నేను అడిగేవి మూడే: ఎంతమంది చేరారు, ఎన్ని రోజులకు చేరారు, పంపినవాళ్లకు తిరిగి కబురు వచ్చిందా? మూడోది అడగ్గానే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఒకసారి ఇంటర్ చదివే అమ్మాయి తిరిగిన దారంతా కాగితం మీద గీశాను. వార్డెన్, ఏఎన్ఎం, పీహెచ్‌సీ, ఆ తర్వాత పెద్దాసుపత్రి. నాలుగు చోట్లా తన బాధ మొదటి నుంచి చెప్పుకుంది, ఐదోసారి చెప్పే ఓపిక లేక మానేసింది. నాలుగు రిజిస్టర్లలోనూ 'సేవ అందింది' అనే ఉంది, నిజానికి ఎవరూ అబద్ధం రాయలేదు కూడా.

అపోహ: నెలనెలా మీటింగ్ ఉంది, గ్రూపు కూడా ఉంది కదా.

వాస్తవం: గ్రూపులో గుడ్ మార్నింగులే ఎక్కువ. పిల్లల పేర్లు, వాళ్ల సమస్యలు అందులో పెట్టడమైతే అసలే తప్పు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను హక్కుగా ఇచ్చింది.

అపోహ: పథకాలన్నీ ఉన్నాయి, ఎవరూ జారిపోరు.

వాస్తవం: ఎక్కువమంది జారిపోయేది పథకాల మధ్యనే. ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం) 18 ఏళ్ల వరకు, ఆర్‌కేఎస్‌కే (కౌమార ఆరోగ్య పథకం) 10 నుంచి 19, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 కూడా 18 లోపు వాళ్లకే. ఆపైన పెద్దల ఓపీ. సరిగ్గా ఆ వయసులోనే పిల్లాడు డిగ్రీకని హైదరాబాద్ బస్సెక్కుతాడు, ఫైలు మాత్రం ఇక్కడే ఉండిపోతుంది. 2022 అక్టోబర్‌లో మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు (14416) ఏ వయసువాళ్లైనా, ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, కానీ ఫోన్ పెట్టేశాక దగ్గర్లోని డాక్టరు దాకా చేరారా అన్నదీ మన లెక్కలోకి రావాలి.

అపోహ: ఒక నెల లెక్క చూస్తే చాలు.

వాస్తవం: మేడారం జాతర నెలలో ములుగు లెక్కలు తీసి చూడండి, సిబ్బంది సగం జాతర డ్యూటీలోనే ఉంటారు!

అపోహ: పిల్లలను అడిగితే ఏం తెలుస్తుంది?

వాస్తవం: మాకన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు. "మనసు బాగోలేకపోతే ముందు ఎవరికి చెప్తావు?" అని ఒక హాస్టల్ పిల్లగాడిని అడిగితే, వంటమ్మకు అన్నాడు. వచ్చే మీటింగ్‌కు ఆమెను కూడా పిలవండని చెప్పాను. టీఏ (దారి ఖర్చులు) ఎవరిస్తారు సార్ అని అడిగారు.