గిట్ చెకౌట్: రెండు పనులకు ఒకే కమాండ్

ప్రోగ్రాముల కోడ్‌లో చేసిన మార్పుల చరిత్రను దాచిపెట్టే గిట్ అనే సాధనాన్ని లినస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో లైనక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) పని కోసం మొదలుపెట్టారు. కొన్ని నెలలకే దాని నిర్వహణ జూనియో హమానో చేతికి వచ్చింది. అప్పట్లో వాడినవాళ్లలో ఎక్కువమంది దాని లోపలి సంగతులు తెలిసినవాళ్లే. అందుకే కావచ్చు, మాన్యువల్ కొత్తవాళ్లకు కొరుకుడు పడుతుందా అన్న చింత ఆలస్యంగా మొదలైంది.

చిక్కంతా చెకౌట్ అనే కమాండ్ దగ్గర. బ్రాంచి (పని విడిగా సాగే పాయ) మారాలన్నా అదే, ఫైలును పాత స్థితికి తేవాలన్నా అదే. బ్రాంచి మారేటప్పుడు కమిట్ చేయని, అంటే చరిత్రలో ఇంకా భద్రపరచని మార్పులకు ముప్పుంటే గిట్ తనంతట తానే ఆగిపోతుంది. ఫైలు పేరు ఇస్తే మాత్రం ఆగదు. అందులో స్టేజ్ చేయని (తర్వాతి కమిట్‌కు సిద్ధం చేసి పెట్టని) మార్పులు చెప్పాపెట్టకుండా పోతాయి, వాటి కాపీ గిట్ దగ్గర ఎక్కడా మిగలదు.

మరి ఏబీసీ అనే పేరుతో బ్రాంచీ, ఫైలూ రెండూ ఉంటే? దీనికోసం మాన్యువల్‌లో ఏకంగా ఒక విభాగమే ఉంది. ఆ పేరును బ్రాంచిగానే తీసుకుంటుందట, ఫైలు కావాలంటే ముందు రెండు హైఫన్లు పెట్టాలట. ఏ ఫైళ్లు మారాయో చూపే స్టేటస్ కమాండ్ కూడా మార్పులు వదిలేయడానికి ఆ హైఫన్ల చెకౌట్‌నే సూచించేది. స్టేజ్ నుంచి తీయడానికి మాత్రం రీసెట్ హెడ్ అనే వేరే కమాండ్‌ను చెప్పేది. ఎందుకలా అని అడక్కుండా బట్టీ పట్టడమే కొత్తవాళ్ల పని.

వాక్యాలు ఎంత దిద్దినా తీరే ఇబ్బంది కాదిది. 2019 ఆగస్టులో వచ్చిన 2.23 వెర్షన్‌లో కమాండ్‌నే చీల్చారు. న్గుయెన్ థాయ్ న్గోక్ దుయ్ రాసిన స్విచ్ బ్రాంచిలకు, రిస్టోర్ ఫైళ్లకు. స్టేటస్ సూచనలూ రిస్టోర్‌కు మారాయి. పాత స్క్రిప్టులు విరిగిపోకుండా చెకౌట్‌ను అలాగే ఉంచారు.

కానీ కొత్త కమాండ్ల పేజీల్లో పెద్దక్షరాలతో ఒక హెచ్చరిక ఉండేది: ఇది ప్రయోగాత్మకం, తీరు మారవచ్చు. స్టేటస్ ఏమో రిస్టోర్ వాడమనేది, రిస్టోర్ పేజీ ఏమో నన్ను నమ్మకండి అన్నట్టు ఉండేది! చెకౌట్ నేర్పేవాళ్లు చెకౌటే నేర్పుతూ ఉండిపోయారంటే తప్పు వాళ్లది కాదనే నా ఉద్దేశం. ఆ హెచ్చరిక తీసేసింది 2025 ఆగస్టులో, 2.51 వెర్షన్‌తో.

ఆ తర్వాత చెకౌట్ పేజీ ఆరంభాన్నీ తిరగరాశారు. కమాండ్‌కు ప్రధానంగా రెండు రీతులున్నాయని అదిప్పుడు మొదట్లోనే చెబుతుంది. ఏది ఎప్పుడన్నది గిట్ ఎలా తేల్చుకుంటుందో తెలియాలంటే కిందున్న ఆ ఏబీసీ విభాగం చూడమంటుంది.