గాలి పోతే బ్రేకు పడాలి

రైల్లో చైను లాగితే బండి ఎందుకు ఆగుతుంది? ఇంజనులో గంట మోగి డ్రైవరు బ్రేకు వేస్తాడన్నది చాలామంది ఊహ. అసలు సంగతి పెట్టె అడుగున జరుగుతుంది. చైను ఒక వాల్వును తెరుస్తుంది, బండి పొడవునా సాగే బ్రేకు గొట్టంలోంచి గాలి బయటికి పోతుంది. మన రైళ్లలో ఆ గొట్టంలో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల పీడనం నిలిపి ఉంచుతారు. అది ఉన్నంతసేపే చక్రాలకు స్వేచ్ఛ. పీడనం పడిపోతే, ప్రతి పెట్టె కింద ట్యాంకులో వేరుగా దాచిన గాలి బ్రేకు సిలిండరులోకి చేరి చక్రాలను పట్టేస్తుంది. గొట్టం పగిలినా, పెట్టెలను కలిపే కప్లింగు తెగి బండి రెండు ముక్కలైనా జరిగేది అదే. జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1872లో రూపొందించిన ఈ ఏర్పాటు వెనక ఉన్నది ఒక్కటే ఆలోచన: ఏది చెడినా బండి ఆగాలి, చెడినందువల్లే ఆగాలి.

అదే ఆలోచన హైదరాబాద్ శివారు రావిర్యాలలోని వండర్‌లా వినోద పార్కులోనూ పనిచేస్తోంది. రోలర్ కోస్టరును మనం ఆటవస్తువుగా చూస్తాం గానీ అది పుట్టుకతో రైలే. 1884లో న్యూయార్కు కోనీ ఐలాండ్‌లో లామార్కస్ థామ్సన్ కట్టిన కోస్టరు పేరే ‘స్విచ్‌బ్యాక్ రైల్వే’. నేటి కోస్టర్లలో చాలావాటికి బ్రేకులను స్ప్రింగులు మూసి ఉంచుతాయి, గాలి పీడనం తెరిచి పెడుతుంది. కరెంటు పోయినా, కంప్రెసరు ఆగినా స్ప్రింగులదే పైచేయి. ఇంకొన్నింటిలో బలమైన శాశ్వత అయస్కాంతాల మధ్య నుంచి లోహపు పలక దూసుకుపోతుంది. పలకలో పుట్టే విద్యుత్తే దాని వేగాన్ని అణచివేస్తుంది. దానికి కరెంటు కనెక్షన్ అవసరమే లేదు.

వండర్‌లా హైదరాబాద్ 2016లో మొదలైంది. అక్కడి ‘రీకాయిల్’ కోస్టరు నెదర్లాండ్స్‌కు చెందిన వెకోమా సంస్థ తయారుచేసే ‘బూమరాంగ్’ రకం. బండిని కేబులుతో వెనక్కి, దాదాపు 35 మీటర్ల ఎత్తుకు లాగి వదిలేస్తారు. మెలికలు, నిలువుగా చుట్టు తిరిగే లూపు దాటి అది రెండో గోపురం ఎక్కుతుంది. అక్కడ గొలుసు అందుకుని ఇంకా పైకి లాగి వదిలితే, అదే దారిలో వెనక్కి వస్తుంది. వదిలాక దాన్ని నడిపే ఇంజనంటూ ఏదీ లేదు, ఎత్తు ఇచ్చిన శక్తే అంతా.

ఆ లూపును కాస్త దూరంగా నిలబడి చూడండి. అది సరైన వృత్తం కాదు, కింద విశాలంగా మొదలై పైకి పోయేకొద్దీ బిగుసుకుంటుంది. వృత్తాకారపు లూపులో, పైన జారిపోకుండా సరిగ్గా సరిపోయే వేగంతో బండి ప్రవేశించినా, అడుగున మనిషి ఒంటిమీద తన బరువుకు 6 రెట్లు భారం పడుతుంది. ఘర్షణను పక్కన పెడితే, వృత్తం చిన్నదైనా పెద్దదైనా లెక్క మారదు. జర్మన్ ఇంజనీరు వెర్నర్ ష్టెంగెల్ 1976లో కాలిఫోర్నియా కోస్టరు కోసం వాడిన పరిష్కారం, వంపును క్రమంగా బిగించడం. రైలుమార్గాలు వేసేవాళ్లకు ఇది పాత విద్య. తిన్నని పట్టా ఒక్కసారిగా మలుపులోకి తిరిగితే ప్రయాణికులు పక్కకు విసిరినట్టవుతారు కాబట్టి మధ్యలో కొంత దూరం వంపును మెల్లగా పెంచుకుంటూ పోతారు. ఆ లెక్కనే నిలువుగా నిలబెట్టారు.

రక్షణ పాఠాలు మాత్రం ఇంత సుఖంగా అందలేదు. 1889 జూన్ 12న ఐర్లండ్‌లోని ఆర్మా నుంచి సండే స్కూలు పిల్లలతో ఒక విహారయాత్ర రైలు సముద్రతీరానికి బయలుదేరింది. ఎత్తు ఎక్కలేక దారిలో ఆగిపోయింది. ముందు భాగాన్ని పైకి చేర్చి, తర్వాత మిగతాది తీసుకుపోదామని పెట్టెలను విడదీశారు. ఆ బండికి ఉన్న వాక్యూమ్ బ్రేకు, ఇంజను గొట్టంలోని గాలిని లాగుతూ ఉంటేనే పడే రకం. విడదీయగానే వెనక పెట్టెలకు మిగిలింది ఒక చేతిబ్రేకు, చక్రాల కింద పెట్టిన రాళ్లు. అవి ఆపలేకపోయాయి. పిల్లలున్న పెట్టెలు వెనక్కి జారి, కొంత వ్యవధి చూసుకుని వదిలిన తర్వాతి రైలును ఢీకొన్నాయి. సుమారు 80 మంది చనిపోయారు. ఆ సంవత్సరమే బ్రిటన్ పార్లమెంటు ప్రయాణికుల రైళ్లన్నింటికీ తనంతట తాను పడే బ్రేకునూ, బ్లాకు పద్ధతినీ తప్పనిసరి చేసింది. నేటి కోస్టరు ఎత్తు ఎక్కేటప్పుడు వినిపించే ‘టక్ టక్’ చప్పుడు గొలుసుది కాదు. బండి కింద ఉండే ఇనుప నాలుక పట్టా మీది ఒక్కొక్క పన్నునూ దాటి పడుతున్న చప్పుడు అది. గొలుసు తెగినా బండి వెనక్కి జారదు. ఆర్మా రైలుకు అలాంటిది లేకపోయింది.

బ్లాకు పద్ధతి అంటే, దారిని ముక్కలు చేసి ఒక ముక్కలో ఒకే బండిని అనుమతించడం. ఈ శాస్త్రాన్ని మన రైల్వే ఇంజనీర్లు నేర్చుకునేది మన ఊళ్లోనే, 1957 నుంచి సికింద్రాబాద్ తార్నాకలో ఉన్న రైల్వే సిగ్నల్, టెలికాం శిక్షణ సంస్థ ఇరిసెట్‌లో. 2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజనులో, రైళ్లు ఢీకొనకుండా ఆపే ‘కవచ్’ వ్యవస్థను పరీక్షించినప్పుడు, ఎదురుగా ఉన్న ఇంజనుకు 380 మీటర్ల దూరంలోనే రెండో ఇంజను దానంతట అదే ఆగింది. రెండు మూడు బండ్లు తిరిగే కోస్టర్లలోనూ కంప్యూటరు ముందున్న బ్లాకు ఖాళీ అయ్యేదాకా వెనక బండిని వదలదు.

వదలనివ్వకూడదు కూడా. 2015 జూన్‌లో ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్‌లో ‘స్మైలర్’ కోస్టరుమీద ఒక ఖాళీ బండి దారిలో ఇరుక్కుంది. కంప్యూటరు 16 మందితో ఉన్న వెనక బండిని సరిగ్గానే ఆపింది. ముందు మరో బండి ఉందని తెలియని సిబ్బంది దాన్ని యంత్రం తప్పుగా భావించి, ఆ ఆపుదలను దాటించి వదిలారు. ఇద్దరు యువతులు కాలు కోల్పోయారు. ఈ రంగంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే సంఘటన ఇదే, ఎందుకంటే యంత్రం తన పని తాను చేసింది.

అందుకే మరమ్మతు సిబ్బంది ఉదయపు పనిమీద నాకు అంత గౌరవం. గేట్లు తెరవకముందే వాళ్లు పట్టా వెంట నడుస్తారు. ప్రతి పెద్ద నట్టు మీదా, దాని కింది పలక మీదా కలిపి ఒక రంగు గీత గీసి ఉంటుంది. గీత రెండుగా విడిందంటే నట్టు కదిలిందన్నమాట. కోస్టరు బండికి పట్టా పైన, పక్కన, కింద మూడు రకాల చక్రాలుంటాయి, కింది చక్రాలే బండిని పైకి లేవనివ్వవు. జాన్ మిల్లర్ 1919లో పేటెంటు పొందిన ఏర్పాటు ఇది. జనవరి చలి ఉదయాన బేరింగుల్లో గ్రీజు బిగుసుకుని బండి నెమ్మదిగా పోతుంది, మే ఎండలో పరుగెత్తుతుంది. కాబట్టి ఖాళీగా తిప్పి సమయం చూసుకుంటారు. పాత రైల్వేల్లో చక్రాన్ని సుత్తితో కొట్టి చెవి ఒగ్గేవారు, సంతలో కుండను వేలితో మీటి చూసినట్టు. ఇప్పుడు ఇరుసుల్లో పగుళ్లను అయస్కాంతపు పొడితో, అల్ట్రాసౌండుతో పట్టుకుంటున్నారు.

నాంపల్లి నుమాయిష్‌లో రైడ్ల కష్టం ఇంకో రకం. 1938లో మొదలైన ఆ ప్రదర్శన కోసం జెయింట్ వీల్‌ను ఏటా కొత్తగా నిలబెట్టి, నెలన్నరకు విప్పేస్తారు. నేల ఎగుడుదిగుడును దుంగలు పేర్చి సరిచేయాలి, ప్రతి పిన్నుకూ చీలమేకు పడిందో లేదో చూడాలి. స్థిరంగా ఉండే రైడు కన్నా దీనికే ఎక్కువ తనిఖీ కావాలని నా అభిప్రాయం, ఎందుకంటే విప్పి బిగించిన ప్రతిసారీ ఏదో ఒకటి మరిచిపోయే అవకాశం కొత్తగా పుడుతుంది.

ఆవిరి ఇంజన్లను ఇంకా నడుపుతున్న నీలగిరి కొండ రైల్లో ఈ సూత్రాల పాత రూపాలు కళ్లముందే కనిపిస్తాయి. కొండ ఎక్కేటప్పుడు ఇంజను వెనక నుంచి నెడుతుంది, పెట్టెలేవీ తెగి కిందికి జారిపోయే ప్రశ్న లేదు. పైగా ప్రతి పెట్టెకూ ఒక బ్రేకు మనిషి ఉంటాడు. ఆవిరి ఇంజన్ల బాయిలరులో నిప్పుగది కప్పుకు సీసం నింపిన ఒక బిరడా బిగిస్తారు. నీరు తగ్గి కప్పు వేడెక్కితే సీసం కరిగి, ఆవిరి నిప్పుమీదికి చిమ్మి ప్రమాదాన్ని ముందే చాటుతుంది.

రైడు మధ్యలో ఆగినప్పుడు వరుసలో నిలబడ్డవాళ్లు ఆపరేటరుమీద విసుక్కోవడం తరచుగా చూస్తుంటాను. ఆ సమయంలో సిబ్బంది చేయాల్సిన పని చాలా ఉంటుంది: ఏ సెన్సారు ఆపిందో వెతకాలి, పట్టా మీద ఎన్ని బండ్లున్నాయో కళ్లతో లెక్కపెట్టాలి, పైన చిక్కుకున్నవాళ్లను మెట్ల మీదుగా దింపాలి, ఒక్కొక్క బ్లాకునే ఖాళీ చేసుకుంటూ రావాలి, చివరికి ఖాళీ బండిని తిప్పి చూడాలి. అప్పటిదాకా గేటు తెరవరు.