సముద్రంలో గ్యాస్ పడిందా? కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌పై అపోహలు - వాస్తవాలు

2024 జనవరిలో కాకినాడకు ఎదురుగా సముద్రంలో ఓఎన్‌జీసీ చమురు తీయడం మొదలుపెట్టిందని వార్త రాగానే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో మొదటి ప్రశ్న: "అయితే పెట్రోలు ఎప్పుడు తగ్గుతుంది?" రెండోది: "మన రాష్ట్రానికి ఎంత వస్తుంది?" నేను చేసేది ఫీల్డ్ డెవలప్‌మెంట్ పని. అంటే చమురో గ్యాసో ఉందని తేలాక, దాన్ని ఒడ్డుకు చేర్చడానికి ఎన్ని బావులు కావాలి, పైపులు ఎలా వేయాలి, ఎంత ఖర్చవుతుంది అని లెక్కలు కట్టడం. గ్రూపులో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఒకేచోట రాస్తే నయమనిపించింది.

అపోహ: నిక్షేపాలు బయటపడ్డాయంటే గ్యాస్, చమురు ఒడ్డుకు చేరడానికి ఏడాదో రెండేళ్లో చాలు.

పేపర్లో ఆ వార్త వచ్చిన రోజుకు మా పని ఇంకా మొదలవ్వదు. కాకినాడకు ఎదురుగా చమురు తీస్తున్న ఆ బ్లాకునే (చమురు, గ్యాస్ వెతికి తీయడానికి కంపెనీకి అప్పగించిన సముద్ర భాగం) తీసుకోండి. కెయిర్న్ అనే కంపెనీ నుంచి ఓఎన్‌జీసీ దాన్ని తీసుకున్నది 2005లో. పెట్టుబడికి ఆమోదం 2016లో. మొదటి చమురు 2024 జనవరి 7న. పక్కనే ఉన్న రిలయన్స్ కేజీ-డీ6లో 2002లో గ్యాస్ కనబడితే 2009 ఏప్రిల్‌లో ఒడ్డుకు చేరింది. ఆ ఏడేళ్లకే మావాళ్లు "భలే స్పీడు" అన్నారు.

ఒక్క బావిలో గ్యాస్ తగిలితే ఫీల్డ్, అంటే గ్యాస్ ఉన్న ప్రాంతం, ఎంత పెద్దదో తెలియదు. చుట్టూ ఇంకొన్ని తవ్వి చూడాలి. ప్లాన్ రాసి ప్రభుత్వ ఆమోదం తెచ్చుకోవాలి. సముద్రం అడుగున బావి మూతి మీద కూర్చునే వాల్వుల సెట్టును క్రిస్మస్ ట్రీ అంటాం. ఆర్డరు పెట్టాక అది చేతికి రావడానికే ఏడాది పైన పట్టొచ్చు. అన్నీ వచ్చినా బంగాళాఖాతం మన మాట వినదు. నైరుతి గాలులు, తుపాన్ల కాలం తీసేస్తే పైపులు పరిచే బార్జ్‌కు అనువైన నెలలు కొన్నే. ఒక్క సామాను లేటైతే ఆ సీజన్ పోయినట్టే.

అపోహ: అడుగున చమురు చెరువులా ఉంటుంది, గొట్టం దింపి తోడుకోవడమే.

చెరువు లేదు, గుహ లేదు. ఉన్నది ఇసుక. గోదావరిలో ఇసుక తవ్వి చెలమ తీస్తే రేణువుల సందుల్లోంచి నీరు ఊరుతుంది కదా, అక్కడ గ్యాస్ వచ్చేదీ అలాంటి సందుల్లోంచే. కేజీ-డీ6లో మొదట ఉత్పత్తికి తెచ్చిన డీ1, డీ3 ఫీల్డుల ఇసుక కూడా నదులు లక్షల ఏళ్ల కింద సముద్రంలోకి మోసుకెళ్లి కాలువలు కాలువలుగా పరిచిందే. చిక్కంతా ఇక్కడే. ఒక కాలువ ఇసుక పక్క కాలువ ఇసుకతో కలిసి ఉందా, మధ్యలో బంకమట్టి అడ్డుందా అన్నది సీస్మిక్ బొమ్మలో (భూమిలోకి ధ్వని తరంగాలు పంపి గీసే చిత్రంలో) పూర్తిగా తెలియదు. గ్యాస్ తీయడం మొదలుపెట్టి ప్రెజర్ ఎలా పడుతోందో చూస్తేనే తేలుతుంది. అప్పటికి వేల కోట్లు ఖర్చయిపోయి ఉంటాయి.

డీ1-డీ3 నుంచి రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తాయని ప్లాన్. 2010లో 6 కోట్ల దాకా వెళ్లి, అక్కడి నుంచి దిగడం మొదలైంది. బావుల్లోకి నీళ్లు, ఇసుక వచ్చాయి. 2020 ఫిబ్రవరిలో మూసేశారు. భూగర్భం అనుకున్నట్టు లేదని కంపెనీ, ప్లాన్‌లో ఉన్నన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం, ఈ వాదన ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తుల విచారణ) దాకా వెళ్లింది. ఎవరిది ఒప్పో నేను తేల్చను గానీ, నష్టపోయిన వాళ్లలో మనమూ ఉన్నాం. ఆ గ్యాస్‌ను నమ్ముకుని వేమగిరి, సామర్లకోట చుట్టుపక్కల కట్టిన కరెంటు ప్లాంట్లు ఇంధనం లేక పడి ఉండటం గోదావరి జిల్లాల వాళ్లకు కొత్త విషయం కాదు.

కేజీ బేసిన్‌లోనే ఉన్న దీన్‌దయాళ్ ఫీల్డుదీ ఇలాంటి కథే. 2005లో గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీకి అక్కడ 20 లక్షల కోట్ల ఘనపు అడుగుల గ్యాస్ దొరికిందన్నారు. ప్లాన్ దగ్గరకు వచ్చేసరికి అది దాదాపు పదో వంతుకు దిగింది. 2017లో అందులో 80 శాతం వాటాను ఓఎన్‌జీసీ కొంది. అందుకే "ఇంత ఉంది" అని ఎవరన్నా నేను అడిగేది ఒకటే: అడుగున ఉన్నదా, పైకి తీయగలిగినదా? చమురైతే ప్రపంచ సగటున పైకి వచ్చేది మూడో వంతే.

అపోహ: తవ్వడమే కష్టం, పైపు వేయడం మామూలు పనే.

కేజీ-డీ6లోనే 2020 డిసెంబరులో ఉత్పత్తి మొదలైన ఆర్-క్లస్టర్ అనే ఫీల్డు 2,000 మీటర్ల కంటే లోతులో ఉంది. ఆ లోతుకు డైవర్లు వెళ్లలేరు, అంతా రోబోలే. అక్కడ 200 వాతావరణాల పీడనం, ఫ్రిజ్‌లో ఉండేంత చలి. గ్యాస్‌లో కాస్త తేమ ఉంటే చాలు, ఐసులాంటి హైడ్రేట్ గడ్డకట్టి పైపు మూసుకుపోతుంది. గడ్డకట్టకుండా గ్లైకాల్ అనే ద్రవం పంపుతూనే ఉండాలి. ఓఎన్‌జీసీ బ్లాకులో మరో తలనొప్పి, చమురులో మైనం ఎక్కువ. చల్లబడితే పేరుకుంటుంది కాబట్టి పైపులో పైపు పెట్టి వేడి పోకుండా చూసుకున్నారు.

అపోహ: మన తీరంలో గ్యాస్ కాబట్టి రాయల్టీ మన రాష్ట్రానిదే, సిలిండరూ చవకవ్వాలి.

ఒడ్డు మీది బావుల రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది. సముద్రంలోది కేంద్రానికి వెళుతుంది. రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం సముద్రగర్భ ఖనిజాలు కేంద్రానివి. ఇది న్యాయమా అని అడగొచ్చు, తీర ప్రాంతం అడగాలి కూడా. కానీ ఎవరో దొంగతనంగా పట్టుకుపోతున్నారన్నది తప్పు. ఇక వంటింటి సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్. కేజీ గ్యాస్‌లో దాదాపు అంతా మీథేన్. అది ఎరువులకు, కరెంటుకు, సీఎన్‌జీకి పోతుంది. పెట్రోలు ధర ప్రపంచ మార్కెట్‌ను, పన్నులను బట్టి నడుస్తుంది.

అపోహ: సముద్రంలో గ్యాస్ తీయడంవల్లే కోనసీమ కుంగుతోంది.

గ్యాస్, చమురు తీస్తే పైనేల కుంగడం అబద్ధమేమీ కాదు. నార్వే ఎకోఫిస్క్ ఫీల్డులో సముద్రపు అడుగు కుంగితే 1987లో ప్లాట్‌ఫామ్‌లను 6 మీటర్లు పైకి లేపారు. కానీ కుంగేది ఫీల్డు ఉన్నచోట. పదుల కిలోమీటర్ల దూరంలో, లోతు నీళ్లలో తీసే గ్యాస్‌కు అంతర్వేది నేల దిగదు. ఒడ్డు మీది బావుల సంగతి, గోదావరి ఒండ్రు తగ్గడం సంగతి వేరే, వాటి మీద కొలతలతో చర్చ జరగాలి. 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్ (బావి అదుపు తప్పి గ్యాస్ ఎగజిమ్మి మండటం) కూడా ఒడ్డు మీదిదే. దాన్ని చూసినవాళ్లు భయపడితే తప్పు పట్టను.

అపోహ: రిగ్ జాబ్ అంటే లక్షల జీతం, సగం రోజులు సెలవు.

రొటేషన్, అంటే కొన్నాళ్లు రిగ్ మీద, కొన్నాళ్లు ఇంట్లో ఉండటం, నిజం. కానీ రిగ్ మీద చాలామంది కాంట్రాక్టర్ మనుషులు, దిగి ఇంటికొచ్చిన రోజులకు కొందరికి జీతం ఉండదు. రోజుకు 12 గంటల షిఫ్టు. హెలికాప్టర్ నీళ్లలో పడితే ఎలా బయటపడాలో ట్రైనింగ్ తీసుకుని, మెడికల్ పాసైతేనే ఎక్కనిస్తారు. "ఆఫ్‌షోర్‌లో పోస్టు ఖాయం, ముందు డిపాజిట్ కట్టండి" అని ఫోన్ వస్తే పైసా కట్టకండి. సరైన కంపెనీ ఏదీ ఉద్యోగానికి డబ్బు అడగదు.