లేబుల్ మీది తేదీ

హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కల నమూనాలను భద్రపరిచే చోట, దాచిన మొక్కను మొదటిసారి చూసినవాళ్లకు పెద్దగా ఏమీ అనిపించదు. కాగితాల మధ్య అదిమి, ఎండబెట్టి, దళసరి షీటుకు అతికించిన గోధుమరంగు కాడ, రంగు వెలిసిన పువ్వు. షీటు మీద చిన్న లేబుల్ కూడా ఉంటుంది: ఎవరు, ఎక్కడ, ఏ రోజున కోశారో. నన్నడిగితే ఆ షీటు మొత్తంలో అన్నిటికంటే విలువైనది ఆ తేదీ.

దక్షిణ ఇంగ్లండ్‌లో సుద్దనేలల గడ్డిమైదానాల్లో ఎర్లీ స్పైడర్ ఆర్కిడ్ అనే అడవిపువ్వు వసంతంలో పూస్తుంది. విక్టోరియా రాణి కాలం నుంచే దీన్ని వెతికి కోసి దాచుకున్నవాళ్లున్నారు. లండన్‌లోని క్యూ గార్డెన్స్ అనే వృక్షోద్యానం, నేచురల్ హిస్టరీ మ్యూజియం లాంటి చోట్ల చేరిన షీట్లలోంచి 1848 - 1958 మధ్య సేకరించిన 77 నమూనాలను పరిశోధకులు తీసుకున్నారు. పూత మీదున్న మొక్కనే కోస్తారు కాబట్టి, కోసిన తేదీని బట్టి పూసే కాలం తెలుస్తుంది. మధ్య ఇంగ్లండ్ ఉష్ణోగ్రతల లెక్క ఎలాగూ 1659 నుంచి ఉంది. రెండూ కలిపి చూస్తే, వసంతం సగటున ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కిన ఏడాది పూత సుమారు ఆరు రోజులు ముందే వస్తోందని తేలింది.

అనుమానం రావడం సహజమే. కోసినవాళ్లు తమకు తీరిక దొరికినప్పుడు వెళ్లి ఉంటారు, పూత మొదట్లోనో చివర్లోనో కోసి ఉంటారు. అలాంటి తేదీలను నమ్మొచ్చా? అదృష్టం కొద్దీ ససెక్స్‌లోని కాజిల్ హిల్ దగ్గర ఇదే మొక్క పూతను 1975 నుంచి 2006 దాకా నేల మీదే గమనించి రాసిపెట్టారు. ఆ లెక్కలోనూ డిగ్రీకి దాదాపు ఆరు రోజులే వచ్చింది! 2011లో ఈ ఫలితం వెలువడ్డాక పాత షీట్ల మాటకు బలం వచ్చింది. వాతావరణ మార్పు గురించి పెద్దగా ఎవరూ ఆలోచించని రోజుల్లో, ఓపికగా తేదీ రాసిపెట్టిన ఆ మనుషులకు మనం ఎంతో రుణపడి ఉన్నాం.

తేదీలు చెప్పిన సంగతి అక్కడితో ఆగలేదు. ఈ పువ్వులో తేనె ఉండదు. నేలలో బొరియ చేసుకుని ఒంటరిగా బతికే ఒక రకం తేనెటీగల్లో ఆడదాని వాసనను ఇది అచ్చంగా వెదజల్లుతుంది. మోసపోయిన మగ ఈగ పువ్వు మీద వాలి పుప్పొడి మోసుకెళుతుంది. మగ ఈగలు బయటికి వచ్చి, ఆడ ఈగలు ఇంకా రాని ఆ కొద్ది రోజులే పువ్వుకు అదను. మ్యూజియంలో సూదులకు గుచ్చి దాచిన ఈగల తేదీలనూ ఇలాగే లెక్కగట్టి, 2014లో ఫలితాలు ప్రచురించారు. ఒక డిగ్రీ వేడికి మగ ఈగలు సుమారు తొమ్మిది రోజులు, ఆడ ఈగలు పదిహేను రోజులకు పైగా ముందే బయటికి వస్తున్నాయి. పువ్వు మాత్రం ఆరు రోజులే. పువ్వు విచ్చేసరికే అసలైన ఆడ ఈగలు ఎగురుతుంటే మగ ఈగకు పువ్వుతో పనేముంటుంది? పుప్పొడి మోసేవాళ్లు లేకపోతే ఈ ఆర్కిడ్ గింజ కట్టడం కష్టమే.