నర్సమ్మ చెప్పిందంటే నిజమేనా?

విశాఖలో బాలింతల వార్డుల్లో పనిచేస్తూ పదిహేనేళ్లు దాటింది. అపోహలు అనగానే అమ్మమ్మల మీదికి తోసేస్తాం గానీ, వాటిలో కొన్ని మా నర్సుల నోటి నుంచే ఇళ్లకు చేరుతున్నాయి. అందుకే ఇది తల్లులతో పాటు తోటి సిస్టర్లు కూడా చదవాలని రాస్తున్నాను.

అపోహ: నర్సింగ్ చదివారు కాబట్టి పాలివ్వడం గురించి అన్నీ తెలుసు.

పరీక్షకు సరిపడా తెలుసు. పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించాలి, ఆరు నెలలు తల్లిపాలే, ఆ తర్వాత మెత్తటి తిండితో పాటు రెండేళ్లు, ఆపైన కూడా. నిద్రలో లేపి అడిగినా చెప్తాం. కానీ ఏడ్చే బిడ్డ, కుట్ల నొప్పితో తల్లి, మంచం చుట్టూ నలుగురు చుట్టాలు ఉన్నప్పుడు చెయ్యి ఎక్కడ వెయ్యాలో పుస్తకం నేర్పదు.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, ఒక ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌లో నైట్ డ్యూటీ. “పాలు రావట్లేదు” అని ఒక తల్లి ఏడిస్తే నమ్మేశాను. రొమ్ము చూడలేదు, బిడ్డ ఎలా పట్టుకుంటోందో చూడలేదు. డబ్బాపాలు కలిపి ఉగ్గుగిన్నెతో నా చేత్తోనే పట్టాను. మూడో రోజుకి ఆమె రొమ్ములు రాళ్లలా గట్టిపడ్డాయి, బిడ్డేమో రొమ్ము దగ్గరికి తీసుకుంటే మొహం తిప్పేస్తోంది. డిశ్చార్జి రోజున ఆ తల్లి నాకు దండం పెట్టి వెళ్లింది. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

అపోహ: మొదటి రెండు రోజులు పాలు పడవు, డబ్బా తప్పదు.

“పాలు పడనేదు సిస్టరమ్మా, గుంటడు ఆకలికి ఆగనేకపోతన్నాడు.” ఈ మాట వినని డ్యూటీ లేదు. పడ్డాయమ్మా. చిక్కగా, పసుప్పచ్చగా వచ్చే ముర్రుపాలే అవి. మొదటి రోజంతా కలిపినా కొన్ని చెంచాలే ఉంటాయి, ఆ చిన్న పొట్టకు సాధారణంగా అవే చాలు. రెండు నుంచి నాలుగు రోజుల్లో పాలు ధారగా పడతాయి, అదీ బిడ్డ చప్పరిస్తుంటేనే. డబ్బా పట్టిన ప్రతిసారీ, పాలు తయారుచెయ్యమని రొమ్ముకి అందాల్సిన కబురు అందదు.

ఈమధ్య భీమిలి వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి చనుమొన కొస ఒకవైపు చెక్కినట్టు నలిగిపోయి ఉంది. బిడ్డ మొన ఒక్కటే పట్టుకుని లాగుతోంది. పక్కన కూర్చుని, బిడ్డ పొట్టని తల్లి పొట్టకి ఆనించి, ముక్కు చనుమొనకి ఎదురుగా పెట్టి ఆగాం. బిడ్డ ఆవలించినంత పెద్దగా నోరు తెరిచినప్పుడు తల్లి దగ్గరికి తీసుకుంది. గడ్డం రొమ్ముకి తగిలింది, కింది పెదవి బయటికి తిరిగింది, నల్లటి వలయంలో ఎక్కువ భాగం నోట్లోకి పోయింది. కాసేపటికి గుటకలు వినిపించాయి. పట్టింది పది నిమిషాలు. ముప్పై మంచాలకు ఇద్దరు సిస్టర్లు ఉన్న చోట ఆ పది నిమిషాలు ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా సీసా కడిగి, మరిగించి, పాలు కలిపే టైము కూడా అంతే.

పాలు సరిపోతున్నాయో లేదో ఏడుపుని బట్టి చెప్పకండి. ఐదో రోజు నుంచి రోజుకి ఆరుసార్లు, అంతకంటే ఎక్కువ ఉచ్చ పోస్తే సరిపోతున్నట్టే. మొదటి రోజుల్లో బరువు కొంచెం తగ్గుతుంది. పదోవంతు దాకా తగ్గినా, బిడ్డ మత్తుగా పడి ఉన్నా డాక్టరుకి చూపించాలి. నిజంగా పైపాలు అవసరమయ్యే బిడ్డలూ ఉంటారు. అక్కడా ముందు ప్రయత్నించాల్సింది తల్లి పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టడమే.

అపోహ: సిజేరియన్ అయితే మర్నాటిదాకా ఆగాలి.

వెన్నుకి మత్తిచ్చి చేసిన ఆపరేషన్ అయితే, తల్లీబిడ్డా బాగుంటే మొదటి గంటలోనే పట్టించొచ్చు. పక్కకి తిప్పి పడుకోబెట్టడానికి మనిషి సాయం కావాలి, అంతే.

అపోహ: మన విశాఖ ఉక్కపోతకి బిడ్డ నాలిక ఎండిపోతుంది, చెంచాడు నీళ్లు పట్టాలి.

మే నెలలో వార్డుకొచ్చే ప్రతి నాయనమ్మా అడుగుతుంది. తల్లిపాలలో నూటికి 87, 88 పాళ్లు నీళ్లే. దాహమేస్తే ఇంకోసారి రొమ్ము పట్టించండి. నీళ్లతో పొట్ట నిండితే పాలు తగ్గుతాయి, విరేచనాల భయం కూడా. దాహం తల్లికి. పథ్యం పేరుతో బాలింతని నీళ్లు తాగనివ్వకపోవడం మాత్రం దయచేసి మానండి.

అపోహ: పచ్చకామెర్లకు పొద్దుటి ఎండ చాలు.

ఇది చాలామంది సిస్టర్లమే చెప్తాం, నేనూ చెప్పాను. ఎండ వైద్యం కాదు. బట్టలు విప్పి ఎండలో ఉంచితే ఒళ్లు కమిలిపోవచ్చు, గాలికి చల్లబడిపోవచ్చు, అన్నిటికన్నా ఆస్పత్రికి తేవడం ఆలస్యమవుతుంది. చాలామంది బిడ్డలకి రెండు మూడు రోజులకి కొంచెం పచ్చదనం వచ్చి పోతుంది. పుట్టిన 24 గంటల్లోపే వచ్చినా, అరిచేతులకీ అరికాళ్లకీ పాకినా, బిడ్డ పాలు మానేసినా ఆ గంటే తీసుకురండి. రక్తపరీక్ష చేసి, అవసరమైతే నీలి లైటు కింద పెడతారు. నీలి లైటు కింద ఉన్నా తల్లిపాలు ఆపక్కర్లేదు.

అపోహ: డబ్బాపాల కంపెనీ ఇచ్చే శాంపిల్ తీసుకుంటే తప్పేముంది?

డబ్బాపాలు, పాలసీసాల ప్రచారాన్ని అడ్డుకునే 1992 చట్టం ప్రకారం అలా ఇవ్వడమే తప్పు. తల్లులకి ఉచిత శాంపిళ్లు, మాలాంటి వాళ్లకి కానుకలు ఇవ్వడం కంపెనీలకి నిషేధం. 2003లో దాన్ని ఇంకా బిగించారు. నర్సు చేతిలో డబ్బా కనపడితే చాలు, ఆ ఇంట్లో అది మందు అయిపోతుంది.

ఇక ఇంటికెళ్లే ముందు నేను అడిగి మరీ చెప్పేవి: స్నానం 24 గంటలు దాటాకే. బొడ్డుకి పసుపూ నూనే వద్దు, పొడిగా ఉంచండి. కాటుక కళ్లలో పెట్టకండి. వస, తేనె నాలిక్కి రాయకండి. పసిబిడ్డ రొమ్ములు ఉబ్బి కనిపిస్తే, ఆడైనా మగైనా, పిండకండి. తల్లి హార్మోన్ల వల్ల వచ్చే వాపది, దానంతటదే తగ్గుతుంది. పిండితే చీము పట్టొచ్చు. అలా చీముగడ్డతో వచ్చిన పన్నెండు రోజుల పాపకి కత్తిగాటు పెడుతుంటే చేతులు పట్టుకున్నది నేనే.