పింఛను ఒక దేశానిది, పింఛనుదారు మరో దేశంలో: పన్ను ఎవరికి?

ఉద్యోగం ఒక దేశంలో చేసి, విశ్రాంత జీవితం మరో దేశంలో గడుపుతున్న మనిషికి నెలనెలా అందే పింఛనుపై పన్ను వేసే హక్కు ఎవరిదన్న ప్రశ్నకు ఇప్పటికీ ఒక్క జవాబు లేదు. డబ్బు పంపే దేశం తనదే అంటుంది. ఆ డబ్బుతో మనిషి బతుకుతున్న దేశమూ తనదే అంటుంది. ఈ రెండు వాదనలకూ నూరేళ్ల వయసుంది.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆదాయపు పన్ను రేట్లు బాగా పెరగడంతో, ఒకే ఆదాయంపై రెండు దేశాలు పన్ను వసూలు చేయడం వర్తకులకూ మదుపుదారులకూ భారమైంది. పరిష్కారం సూచించమని నానాజాతి సమితి బ్రూయిన్స్, ఐనౌది, సెలిగ్మన్, స్టాంప్ అనే నలుగురు ఆర్థికవేత్తలను కోరగా, వారి నివేదిక 1923లో వెలువడింది. సంపద ఎక్కడ పుట్టింది, దాని యజమాని ఎక్కడ నివసిస్తూ ఖర్చు చేస్తున్నాడు వంటి అంశాలను బట్టి ఏ దేశంతో ఆర్థిక బంధం గట్టిదో తేల్చాలన్నది అందులోని మూల సూత్రం. ఒకే ఆదాయంపై రెండు పన్నులు పడకుండా దేశాలు తమలో తాము రాసుకునే ఒప్పందాలకు 1928లో నమూనాలు వచ్చాయి. తర్వాత 1943లో మెక్సికోలో తయారైన నమూనా ఆదాయం పుట్టిన దేశం వైపూ, 1946లో లండన్‌లో తయారైనది నివాస దేశం వైపూ మొగ్గాయి. అయితే ఆ పోరు ప్రధానంగా వడ్డీలు, డివిడెండ్లు, వ్యాపార లాభాల గురించే తప్ప వృద్ధుల పింఛన్ల గురించి కాదు.

నేటి ఒప్పందాల్లో కనిపించే సూత్రానికి స్థిరరూపం ఇచ్చింది ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ, అంటే ఓఈసీడీ, 1963లో తెచ్చిన ముసాయిదా. గత ఉద్యోగానికి ప్రతిఫలంగా వచ్చే పింఛనుపై నివాస దేశమే పన్ను వేయాలని అందులోని 18వ అధికరణ చెబుతుంది. మనిషి మొత్తం ఆదాయం, కుటుంబ పరిస్థితి తెలిసేది నివాస దేశానికే కాబట్టి మినహాయింపులు సరిగ్గా ఇవ్వగలిగేదీ అదే. పైగా నాలుగు దేశాల్లో పనిచేసిన వ్యక్తి నాలుగు చోట్లా రిటర్నులు వేసే బాధ తప్పుతుంది. ప్రభుత్వ ఉద్యోగుల పింఛను మాత్రం 19వ అధికరణ కిందికి వెళ్లింది. ఒక ప్రభుత్వం తన ఖజానా నుంచి ఇచ్చే సొమ్ముపై మరో ప్రభుత్వం చేయి వేయకూడదన్న పాత మర్యాద కొద్దీ, దానిపై చెల్లించే దేశమే పన్ను వేస్తుంది. గ్రహీత నివాస దేశానికే పౌరుడైతే ఈ లెక్క తిరగబడుతుంది. అందువల్ల ఒకే దేశం నుంచి వచ్చి ఒకే వీధిలో ఇళ్లు తీసుకున్న ఇద్దరిలో, కంపెనీలో పనిచేసిన ఇంజనీరు కొత్త దేశానికీ, సర్కారు గుమాస్తాగా రిటైరైన వ్యక్తి పాత దేశానికీ పన్ను కడుతుంటారు.

పింఛను అనగానే ఒక చెల్లింపు మాత్రమే కనిపిస్తుంది గానీ, అసలు చిక్కు దాని వెనకున్న మూడు దశల్లో ఉంది. జీతం 100 వచ్చే ఉద్యోగి అందులో 10 పింఛను నిధికి కడితే చాలా దేశాలు 90 మీదే పన్ను వేస్తాయి. నిధి పెరుగుతున్న కాలంలోనూ వదిలేస్తాయి. పింఛను చేతికందేటప్పుడు వసూలు చేస్తాయి. అంటే ఖజానా ముప్పై నలభై ఏళ్ల పాటు పన్నును అరువిచ్చినట్టు. అరువు తీరే వేళకు మనిషి సరిహద్దు దాటితే, 18వ అధికరణ ప్రకారం ఆ పన్ను మరో దేశం ఖాతాలో పడుతుంది. కొన్ని దేశాల్లో పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు: జీతం మీదే పన్ను వేసి, పింఛనును వదిలేస్తారు. మొదటి రకం దేశం నుంచి రెండో రకం దేశానికి మారితే ఎక్కడా పన్ను పడకపోవచ్చు. అటునుంచి ఇటు మారినవాడు రెండు చివరలా కట్టాలి. కానీ రెండు పన్నులూ వేర్వేరు దశాబ్దాల్లో పడ్డాయి కాబట్టి ఒప్పందాలు దాన్ని ద్వంద్వ పన్నుగా సాధారణంగా గుర్తించవు. పన్ను ఎగ్గొట్టే వృద్ధుల గురించి జరిగినంత చర్చ ఇలా రెండుసార్లు కట్టేవారి గురించి జరగలేదు.

ఐక్యరాజ్య సమితి 1980లో తెచ్చిన నమూనా ఈ చిక్కును దృష్టిలో పెట్టుకుని రెండు ప్రత్యామ్నాయాలు ఇచ్చింది. వాటిలో ఒకటి చెల్లించే దేశానికీ పన్ను హక్కు కల్పిస్తుంది. ఇదే తగవు అమెరికాలో రాష్ట్రాల మధ్య కూడా నడిచింది. ఆదాయపు పన్ను లేని రాష్ట్రాలకు మారిపోయిన పింఛనుదారులను పాత రాష్ట్రాలు వెంటాడుతుంటే, మాజీ నివాసుల పింఛనుపై రాష్ట్రాలు పన్ను వేయరాదని 1996 జనవరిలో సమాఖ్య చట్టం తేల్చేసింది. దేశాల మధ్య అలా తీర్పు చెప్పే పై చట్టసభ లేదు.

కాబట్టి ఐరోపాలో ఎవరికి వారే పూనుకున్నారు. ఫ్రాన్స్, స్పెయిన్‌లకు తరలిపోతున్న పింఛన్లపై పన్ను దక్కడం లేదని డెన్మార్క్ ఆ రెండు దేశాలతో ఉన్న ఒప్పందాలను రద్దు చేసుకుంది. 2009 నుంచి అవి లేవు. ఫ్రాన్స్‌తో కొత్త ఒప్పందంపై సంతకాలు 2022లో గానీ కాలేదు. జర్మనీ 2005 నుంచి, పింఛను అందేటప్పుడే పన్ను వేసే విధానానికి దశలవారీగా మారుతూ, విదేశాల్లో ఉన్న పింఛనుదారుల వ్యవహారాన్ని నాయ్‌బ్రాండెన్‌బుర్గ్ పన్ను కార్యాలయానికి అప్పగించింది. 2011లో టర్కీతో కుదిరిన ఒప్పందంలో పింఛనులో ఏటా 10,000 యూరోలకు పైబడిన భాగంపై చెల్లించే దేశం 10 శాతం వరకు వేసుకోవచ్చని రాసుకున్నారు. 2012 నాటి నెదర్లాండ్స్ ఒప్పందంలో హద్దు 15,000 యూరోలు. ఇలాంటి మధ్యే మార్గాలే నాకు ఎక్కువ న్యాయంగా కనిపిస్తాయి. చిన్న పింఛనుదారును వదిలి పెద్ద మొత్తాల దగ్గరే రెండు ఖజానాలూ బేరమాడుకుంటాయి.

పోర్చుగల్ 2009లో కొత్తగా వచ్చి చేరే నివాసులకు పదేళ్ల ప్రత్యేక హోదా సృష్టించడంతో వివాదం రచ్చకెక్కింది. ఆ హోదా కింద విదేశీ పింఛనుపై అప్పట్లో పోర్చుగల్ పన్ను వేసేది కాదు, ఒప్పందం వల్ల పంపే దేశం వేయలేకపోయేది. ఫిన్లాండ్‌తో సవరించిన ఒప్పందంపై 2016లో సంతకాలైనా పోర్చుగల్ ఆమోదించకపోవడంతో, ఫిన్లాండ్ పాత ఒప్పందాన్నే తెంచుకుని 2019 నుంచి పన్ను మొదలుపెట్టింది. పోర్చుగల్ 2020లో కొత్తవారికి 10 శాతం రేటు పెట్టింది గానీ స్వీడన్‌కు అది చాలలేదు; పోర్చుగల్, గ్రీస్‌లతో తన ఒప్పందాలను 2022 నుంచి ముగించింది. 2024లో పోర్చుగల్ ఆ హోదాను విదేశీ పింఛనుదారులకు దాదాపుగా మూసేసింది. ఈలోగా ఇటలీ 2019లో దక్షిణాదిలోని చిన్న పట్టణాలకు వచ్చేవారికీ, గ్రీస్ 2020లో దేశమంతటికీ 7 శాతం రేటు ప్రకటించి పోటీలోకి దిగాయి.

పింఛనుదారుకు ఇదంతా నివాస ధ్రువపత్రం రూపంలో ఎదురవుతుంది. కొత్త దేశపు పన్ను కార్యాలయం ముద్ర వేసిన ఆ కాగితం అందేదాకా, పింఛను పంపే సంస్థ తన దేశపు రేటు ప్రకారం కోత వేసి మిగిలినదే పంపుతుంది. సోషల్ సెక్యూరిటీ అనే అమెరికా ప్రభుత్వ పింఛను సొమ్మునే తీసుకుంటే, అమెరికా పౌరసత్వం గానీ ఒప్పంద రక్షణ గానీ లేని విదేశీ నివాసికి అందులో 85 శాతంపై 30 శాతం, అంటే మొత్తంలో 25.5 శాతం ముందే పోతుంది. మారిన ఏడాదిలో రెండు దేశాలూ అతన్ని తమ నివాసిగా లెక్కిస్తే, శాశ్వత గృహం, జీవన సంబంధాలు, అలవాటుగా ఉండే చోటు, పౌరసత్వం అనే వరుసలో చూడాలని నమూనా ఒప్పందం చెబుతుంది. అప్పటికీ తేలకపోతే రెండు దేశాల అధికారులు మాట్లాడుకోవాలి. ఆ లోగా కోత సాధారణంగా ఆగదు.